చేను మేసినవాళ్ళ చేత కంచె వేయించిన మనిషి

కంచే చేను మేస్తే ఇక కాపాడేదెవరు అని మన పెద్దవాళ్ళు అంటూంటారు. ఈ సామెతని తిరగేసిన కథ ఒకటి నాకు ఆస్ట్రేలియాలో దొరికింది. అక్కడ చేను మేసినవాళ్ళ చేతే కంచె వేయించారు ఒక మామూలు ఉద్యోగి. ఆయన పేరు ఆల్బర్ట్ మోరిస్. కన్నుమూసి ఎనభై ఏళ్ళు దాటింది. బ్రోకెన్ హిల్ అనే ఊళ్ళో ఆ పేరు తెలియని పాతకాపులు లేరు. పాడైన నేలల్ని బాగుచేసే పనిలో ఉన్న ఆస్ట్రేలియన్లు కూడా ఆయన్ని గురువుగా తలుచుకుంటారు. మన సావనీర్‌లో ఆయన గురించి రాయడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి, ఆయనదీ నాదీ ఒకే వృత్తి. రెండోది మా అమ్మాయి.

నేను 2014లో బ్రోకెన్ హిల్‌లో దిగాను. వెంట మా ఆవిడ, అప్పటికి ఏడాది నిండని పాప. ఊరు న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోదే అయినా సిడ్నీకి 1,100 కిలోమీటర్ల పైన దూరం. అడిలైడ్ దానికంటే దగ్గర, 500 కిలోమీటర్లు చిల్లర. అందుకే గడియారాలు కూడా అడిలైడ్ టైమే చూపిస్తాయి. వీధుల పేర్లు చూసి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన నాకు నవ్వాగలేదు. ఆర్జెంట్ వీధి, క్లోరైడ్ వీధి, సల్ఫైడ్ వీధి, ఆక్సైడ్ వీధి, బ్రోమైడ్ వీధి! పీరియాడిక్ టేబుల్లో కాపురం పెట్టినట్టుంది అని మా ఆవిడతో అన్నాను. ఆవిడకి నవ్వు రాలేదు. కిటికీలోంచి ఎర్రటి మట్టి, ఊరి మధ్యలో కొండంత గని వ్యర్థాల గుట్టలు కనబడుతున్నాయి మరి.

నా ఉద్యోగం అస్సే ల్యాబ్‌లో. మన కంసాలి బంగారాన్ని పుటం పెట్టి ఎంత మేలిమో తేలుస్తాడు కదా, దాదాపు అదే పని. గనిలోంచి వచ్చిన రాతిని పొడిచేసి, కరిగించి, అందులో వెండి ఎంత, సీసం ఎంత, జింకు ఎంత అని లెక్క చెప్పాలి. ఆ లెక్క చెప్పేవాణ్ణి అస్సేయర్ అంటారు. ఆల్బర్ట్ మోరిస్ అదే ఊళ్ళో సెంట్రల్ మైన్ అనే గనిలో అస్సేయర్‌గా పనిచేశారు.

దుమ్ము నాకు కొత్త కాదు. పల్నాడులో సిమెంటు ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో పుట్టాను. డాబా మీద అమ్మ పెట్టిన వడియాలు సాయంత్రానికి బూడిద రంగుకి తిరిగేవి. తులసి ఆకుల మీద పేరుకున్న పొడిని నాయనమ్మ రోజూ చెంబెడు నీళ్ళతో కడిగేది. ఊళ్ళో సగం ఇళ్ళకి ఆ ఫ్యాక్టరీ జీతమే ఆధారం కాబట్టి ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. అన్నం పెట్టే చేతిని అనకూడదన్నది మా ఊరి నీతి. ఆ నీతినే మూటగట్టుకుని నేను సముద్రాలు దాటాను.

2016లో మా పాపకి మామూలుగా చేసే రక్తపరీక్ష చేశారు. బ్రోకెన్ హిల్‌లో చిన్నపిల్లలందరికీ సీసం ఎంత ఉందో చూస్తారు. ఆస్ట్రేలియాలో 2015 నుంచి డెసిలీటరు రక్తానికి 5 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతకాలని నియమం. మా పాపకి 6 వచ్చింది. కంగారు పడాల్సినంత కాదు, కానీ ఇల్లు జాగ్రత్తగా చూసుకోండి అని నర్సమ్మ నెమ్మదిగా చెప్పింది. పొడి చీపురుతో ఊడవద్దు, తడిగుడ్డ పెట్టండి. తినేముందు పాప చేతులు కడగండి. ఐరన్, కాల్షియం ఉన్న తిండి పెట్టండి. మేం నేల మీద కూర్చుని తినేవాళ్ళం, పాప నేల మీదే పాకి పెరిగింది. ఆ రోజు నుంచి నేను ల్యాబ్ బట్టలు అక్కడే విడిచి, ఇంటికి రాగానే స్నానం చేసి గానీ పాపని ముట్టుకోలేదు. మా నాయనమ్మ మడి అంతా నా ఒంటికి వచ్చింది. రోజంతా రాళ్ళలో సీసం కొలిచే నేను, నా బిడ్డ రక్తంలో సీసం అంకె కాగితం మీద చూసిన రోజున రాత్రంతా నిద్రపోలేదు.

మర్నాడు సాయంత్రం ఊరి పడమటి అంచున నడుస్తుంటే ఒక వింత కంటబడింది. రోడ్డుకి ఒక పక్క బోసి నేల. రెండో పక్క, తీగల కంచె వెనకాల, పొదలూ గడ్డీ చెట్లూ దట్టంగా ఉన్నాయి. వాన అక్కడా ఇక్కడా ఒకటే, మట్టీ ఒకటే. మా పక్కింటి పెద్దాయన రిటైరైన గని కార్మికుడు. ఆయన్ని అడిగితే, అదంతా మోరిస్ పుణ్యం అని చెప్పుకొచ్చాడు. ఆ మాట పట్టుకుని ఊరి లైబ్రరీలో కూర్చున్నాను. తెలుసుకున్నది ఇది.

ఆల్బర్ట్ మోరిస్ 1886లో సౌత్ ఆస్ట్రేలియాలోని బ్రిడ్జ్‌టౌన్‌లో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం బ్రోకెన్ హిల్ ప్రాంతానికి చేరింది. ఆ నేల అనాదిగా విల్యాకలి అనే ఆదివాసులది. 1883లో చార్ల్స్ రాస్ప్ అనే గొర్రెల ఎస్టేటు ఉద్యోగి అక్కడి కొండమీద లోహం ఉన్న రాయిని గుర్తించాడు. రెండేళ్ళకి కంపెనీ వెలిసింది. ఈనాడు ప్రపంచంలోనే పెద్ద గనుల సంస్థల్లో ఒకటైన బీహెచ్‌పీ పేరులో మొదటి రెండు అక్షరాలు ఈ బ్రోకెన్ హిల్‌వే. వెండి, సీసం, జింకు ఏడు కిలోమీటర్ల పొడవున భూమిలో పరుచుకుని ఉంటే జనం రాక మానతారా? కొన్నేళ్ళలోనే వేలమంది దిగారు.

దిగినవాళ్ళకి కట్టెలు కావాలి. గని సొరంగాలకి దూలాలు కావాలి, బాయిలర్లకి మంట కావాలి, వంటకి పుల్ల కావాలి. అక్కడ మల్గా అనే చెట్టు విరివిగా ఉండేది, మన తుమ్మకి దాయాది. మైళ్ళ దూరం దాన్ని నరికేశారు. మిగిలిన పొదల్ని గొర్రెలు, ఇంటింటా పెంచుకునే మేకలు మేశాయి. ఆ పైన కుందేళ్ళు. 1859లో ఇంగ్లండు నుంచి వేట సరదాకి తెప్పించి వదిలిన కుందేళ్ళు ఖండమంతా పాకి, మొలిచిన ప్రతి మొలకనీ కొరికేశాయి. ఏడాదికి 250 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోట నేలని పట్టి ఉంచే వేరు లేకపోతే ఏమవుతుంది? ఇసుక లేచింది. పట్టపగలు దీపాలు పెట్టుకునేంత దుమ్ము తుఫానులు వచ్చేవి. ఇళ్ళ కంచెలు ఇసుకలో మునిగిపోయేవి.

ఆ దుమ్ములో సీసం కూడా ఉంది. తొలిరోజుల్లో కొలుములు ఊళ్ళోనే పొగ కక్కేవి. కార్మికులకి సీసపు జబ్బులు ఎంతగా సోకాయంటే, 1892లోనే ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. ఆ దశాబ్దం చివరికి కొలుములు సముద్రతీరంలోని పోర్ట్ పిరీకి తరలిపోయాయి. గనుల్లో మాత్రం దుమ్ము తగ్గలేదు. 1919లో కార్మికులు మొదలుపెట్టిన సమ్మె పద్ధెనిమిది నెలలు సాగింది. పనిగంటలు తగ్గాయి, ఊపిరితిత్తులు పాడైనవారికి పరిహారం ఇచ్చే చట్టం వచ్చింది. ఇలా గని లోపలి దుమ్ము మీద యూనియన్లు పోరాడాయి. గని బయట, ఊరిమీద పడే దుమ్ముని ఎవరు పట్టించుకోవాలి?

మోరిస్ దాన్ని తన ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టారు. 1909లో ఆయనకి మార్గరెట్ సేస్‌తో పెళ్ళయింది. ఆవిడది క్వేకర్ల కుటుంబం. యుద్ధం వద్దనే, ఆడంబరం లేని క్రైస్తవ శాఖ అది. ఆయనా అందులోనే చేరారు. దంపతులు రైల్వే టౌన్ అనే పేటలో కాపురం పెట్టారు. ఊరికి పడమర అంచు కాబట్టి ఎడారి గాలి మొదట తగిలేది వాళ్ళకే. పెరట్లో ఏవేవో మొక్కలు నాటి చూశారు. బయటి దేశాల మొక్కలకి నీళ్ళు కావాలి, ఊళ్ళో నీళ్ళకే కటకట. అక్కడి నేలలో పుట్టిన మొక్కలు మాత్రం ఇసుకని పట్టుకుని నిలబడ్డాయి.

అస్సేయర్ కదా, కొలవకుండా దేన్నీ నమ్మలేదు. సెలవు దొరికితే చాలు, ఎడారిలోకి వెళ్ళి మొక్కలు సేకరించేవారు. ఏది ఎప్పుడు మొలుస్తుంది, ఎంత వానకి మొలుస్తుంది, దేన్ని పశువు ముందు తింటుంది అని రాసుకునేవారు. కాలేజీలో వృక్షశాస్త్రం చదవని మనిషి పంపిన నమూనాలని యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు ఆదరించారు. ఒక ఉప్పుపొద జాతికి శాస్త్రీయ నామంలో ఆయన పేరే పెట్టారు. 1920లో ఊళ్ళో ప్రకృతి ప్రేమికుల క్లబ్బు ఒకటి పెట్టారు, పేరు బారియర్ ఫీల్డ్ నేచురలిస్ట్స్ క్లబ్. డాక్టర్ మెక్‌గిల్లివ్రే అధ్యక్షుడు, మోరిస్ కార్యదర్శి. ఊరి పత్రికలో మొక్కల గురించి రాస్తూ, జనానికి విత్తనాలూ నారూ పంచుతూ ఏళ్ళు గడిపారు.

ఆయన తేల్చుకున్న సంగతి వినడానికి చాలా చిన్నది. ఈ నేల చావలేదు. ఇసుకలో విత్తనాలు ఇంకా ఉన్నాయి. మొలకెత్తినవాటిని మేకా కుందేలూ తినకుండా చూస్తే చాలు, మనం నాటక్కర్లేదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు, నేల తనని తనే కప్పుకుంటుంది. అడిలైడ్ యూనివర్సిటీ వాళ్ళు 1925లో కూనమోర్ అనే చోట గొర్రెలు మేసి పాడుచేసిన భూమికి కంచె వేసి ఏం జరుగుతుందో గమనిస్తున్నారు. ఆ పరిశోధన మోరిస్‌కి తెలుసు. కానీ ఊరిచుట్టూ అంత పని ఎవరు చేస్తారు? కుందేలు దూరని వలకంచె మైళ్ళ పొడవున వెయ్యాలంటే డబ్బెవరిస్తారు? చాలా ఏళ్ళపాటు ఆయన మాట వినేవాళ్ళే గానీ చేసేవాళ్ళు లేరు.

1936లో తలుపు తెరుచుకుంది. జింక్ కార్పొరేషన్ అనే గని కంపెనీ ఊరి దక్షిణపు కొసన కొత్త కట్టడాలు మొదలుపెట్టింది. వాటి మీదకి ఇసుక రాకుండా చెట్లు వెయ్యాలనుకుని మేనేజరు కీస్ట్ మోరిస్ సలహా అడిగారు. కంపెనీ పెద్ద డబ్ల్యు.ఎస్. రాబిన్సన్ కూడా సానుకూలంగా ఉన్నారు. మోరిస్ అడిగింది ముందు కంచె. 22 ఎకరాలకి వల వేశారు. లోపల కొన్ని చెట్లూ ఉప్పుపొదలూ నాటారు. అయితే ఊరుని ఆశ్చర్యపరిచింది నాటిన మొక్కలు కావు, ఎవరూ నాటనివి. కొద్ది నెలల్లోనే మొక్కల మధ్య ఖాళీల్లో గడ్డి, పొదలు వాటంతట అవే లేచాయి. కంచెకి అవతల అదే ఇసుక, ఇవతల పచ్చదనం. మోరిస్ ఇరవై ఏళ్ళుగా చెబుతున్న మాటని ఒక వలకంచె కొద్ది నెలల్లో రుజువు చేసింది.

ఆ తర్వాత మిగతా గనులు కూడా ముందుకొచ్చాయి. 1937 నుంచి ఊరి పడమర, నైరుతి దిక్కుల్లో, అంటే గాలి ఎక్కువగా వచ్చే వైపున, పెద్ద పెద్ద కంచెలు వేశారు. వాటిని రీజనరేషన్ రిజర్వులు అంటారు. అక్కడ నాటడం లేదు, తవ్వడం లేదు. పశువునీ కుందేలునీ ఆపడం, వానకోసం ఆగడం, అంతే. చెట్లు నరికించిన గనులే డబ్బు పెట్టి మొలకలకి కాపలా పెట్టాయి. ఇది దానధర్మం అని నేననను. దుమ్ము వాళ్ళకీ నష్టమే. కానీ వాళ్ళ లాభాన్నీ ఊరి మేలునీ ఒకే కంచెకి కట్టిన నేర్పు మాత్రం మోరిస్‌ది.

ఆ పచ్చదనాన్ని ఆయన ఎక్కువ కాలం చూడలేదు. 1939 జనవరి 9న, 52 ఏళ్ళకే కన్నుమూశారు. బీహెచ్‌పీ బ్రోకెన్ హిల్ వదిలి వెళ్ళిపోయింది కూడా ఆ ఏడాదే. మార్గరెట్, క్లబ్బు సభ్యులు పనిని వదల్లేదు. 1940లలో ఘోరమైన కరువు వచ్చినా కంచెల లోపలి నేల నిలబడింది. 1950ల చివరికి రిజర్వులు ఊరిని దాదాపు చుట్టేశాయి. 2015 జనవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం బ్రోకెన్ హిల్ నగరాన్ని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక ఊరు మొత్తాన్ని అలా చేర్చడం అదే మొదలు.

ఇక్కడితో కథ ముగిస్తే బాగుంటుంది గానీ, అది నిజాయితీ కాదు. మోరిస్ కంచె బయటి ఇసుకని ఆపింది. ఊరి లోపలి సీసాన్ని ఆపలేదు. వందేళ్ళ పైబడి మట్టిలో, ఇళ్ళ అటకల మీద పేరుకున్న పొడి ఇంకా అక్కడే ఉంది. గని వ్యర్థాల గుట్టలు ఊరి నడుమ ఇంకా ఉన్నాయి. 1990లలో పిల్లల రక్తపరీక్షలు పెద్ద ఎత్తున మొదలయ్యాక అంకెలు బాగా తగ్గాయి. అయినా ఇటీవలి కాలంలో చాలా ఏళ్ళు, పరీక్షించిన ఐదేళ్ళ లోపు పిల్లల్లో దాదాపు సగం మంది ఆ 5 గీతని దాటినవాళ్ళే. ఆదివాసుల పిల్లల్లో ఆ నిష్పత్తి ఇంకా ఎక్కువ. మా పాప ఆ సగంలో ఒకతి. మాకు అడిలైడ్‌లో వేరే ఉద్యోగం దొరికింది, 2018లో వచ్చేశాం. పాప అంకె 3కి దిగింది. ఊరిని వదల్లేని కుటుంబాల మాటేమిటి? ఆ ప్రశ్న నాతోపాటే అడిలైడ్ వచ్చింది.

మోరిస్ పద్ధతి మనవాళ్ళకి తెలియనిదేం కాదు. అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర (ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా) 1990లో టింబక్టు కలెక్టివ్ వాళ్ళు 32 ఎకరాల బీడు కొన్నారు. మేతనీ మంటనీ గొడ్డలినీ ఆపి, నేలని దాని మానాన వదిలారు. రాయలసీమ ఎండలో అడవి మళ్ళీ లేచింది. తర్వాత చుట్టుపక్కల పల్లెలవాళ్ళు కల్పవల్లి అనే పేరుతో వేల ఎకరాల కొండల్ని అలాగే కాపాడుకొచ్చారు. బ్రోకెన్ హిల్ సంగతి వాళ్ళకి తెలుసో లేదో గానీ, కరువు నేల ఎక్కడైనా ఒకే పాఠం చెబుతుంది.

మనలో చాలామందిమి కంపెనీల జీతాలమీద బతికేవాళ్ళం. కొందరం గనుల్లో, కొందరం ఫ్యాక్టరీల్లో, కొందరం ల్యాబుల్లో. వచ్చిన దేశంలో నోరెత్తితే ఏమవుతుందో అనే జంకు నాకూ ఉంది, మీకూ ఉండే ఉంటుంది. మోరిస్ కూడా గని జీతం తీసుకున్న మనిషే. ఉద్యోగం మానలేదు, కొట్లాటకి దిగలేదు, నోరూ మూసుకోలేదు. తనకి తెలిసిన పని, అంటే కొలవడం, రాసుకోవడం, చూపించడం, ఏళ్ళ తరబడి వదలకుండా చేశారు. అవకాశం వచ్చిన రోజున ఆయన దగ్గర కోపం కాదు, లెక్క సిద్ధంగా ఉంది. అన్నం పెట్టే చేతిని అనకూడదన్న మా ఊరి నీతికి ఆయన బతుకే జవాబు. ఆ చేతికి పని చెప్పవచ్చు.

పోయిన ఏడాది పల్నాడు వెళ్ళినప్పుడు మా డాబా ఎక్కాను. వడియాలు పెట్టే అమ్మ ఇప్పుడు లేదు. పిట్టగోడ మీద వేలితో గీస్తే తెల్లటి గీత పడింది. ఇదివరకైతే చెయ్యి దులుపుకుని దిగిపోయేవాణ్ణి. ఈసారి ఒక కాగితం పొట్లంలో ఆ పొడి కొంచెం కట్టి, తారీఖు రాసి తమ్ముడికిచ్చాను. నెలకొక పొట్లం కట్టమన్నాను. ఏడాది పొట్లాలు చేరాక దగ్గరి కాలేజీ ల్యాబ్‌లో కొలిపిస్తాం, ఆ అంకెలు పట్టుకుని ఫ్యాక్టరీవాళ్ళ దగ్గరికి వెళ్తాం. ఏమవుతుందో చూడాలి. అస్సేయర్‌ని కదా, ముందు కొలవాలి.